ఆటపియానోకు సంగీతము కూర్చిన జాన్ కేజ్

చిన్నపిల్లల ఆటవస్తువులలో మ్రోగునవి పెక్కు గలవు. గిలక, బూర, ఈల, తగరపు డప్పు మొదలగు వానిని తిరునాళ్లలో ముచ్చటపడి కొనియిచ్చిన పెద్దలే, ఇల్లు చేరిన గడియకు వాని మ్రోత భరింపలేక అటకమీద దాచుదురు. అవి చప్పుడు చేయు వస్తువులే గాని సంగీతము పలుకు వాద్యములు కావని మన యందరి యభిప్రాయము. ఈ యభిప్రాయము సరియైనదా యని జీవితకాలమంతయు ప్రశ్నించిన యొక అమెరికా సంగీతకర్త చరిత్రమును మన విద్యార్థులకు చెప్పదలచితిని. అతని పేరు జాన్ కేజ్.

ఇతడు 1912వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రములోని లాస్ ఏంజెలిస్ నగరమున జన్మించెను. తాత మెథడిస్టు సంఘమున బోధకుడు. తల్లి వార్తాపత్రికకు వ్యాసములు వ్రాయుచుండెడిది. తండ్రి క్రొత్త యంత్రములను కల్పించు నేర్పరి. ఆయన నీటిలో మునిగిపోవు నావ నొకదానిని నిర్మించెను గాని, దానినుండి వెడలు బుడగలు పైకి వచ్చి నావ యున్నచోటును తెలుపుచుండుటచే అది యుద్ధమునకు పనికిరాక, ఆయన ధనమంతయు నష్టపోయెనట. ఒక పని చేయుటకు వీలులేదని యెవరైన చెప్పినచో, చేయదగిన పని యేదో ఆ మాటవలననే తెలిసికొనవచ్చునని ఆయన కుమారునకు బోధించుచుండెడివాడు. కుమారుని తరువాతి జీవితమును చూచినవారికి ఈ బోధ వృథాకాలేదని తోచును.

బాలుడు తల్లి తోబుట్టువు యొద్దను, మరికొందరి యొద్దను పియానో నేర్చుకొనెను. అయినను ఆ దినములలో అతని కోరిక సంగీతకర్త కావలెనని కాదు. తాతవలె బోధకుడు కావలెనని అతడు తలంచుచుండెను. చదువులో అందరికంటె ముందుండెడివాడు. 1927లో హాలీవుడ్ బౌల్ అను బహిరంగ రంగస్థలమున జరిగిన వక్తృత్వపు పోటీలో గెలుపొందెను. ఆ యుపన్యాసములో అతడు తన దేశము కొంతకాలము మౌనము వహించి, దక్షిణ అమెరికా ప్రజలు తమ్మును గూర్చి యేమి తలంచుచున్నారో వినుట మేలని వాదించెను. పదునైదేండ్ల బాలుడు బహుమానమునకై చెప్పిన మాట లవి. మౌనముగా నుండి వినుట యను ఈ తలంపే పిమ్మట అతనికి జీవితవ్రత మాయెను.

1928లో అతడు క్లేర్‌మాంట్‌లోని పొమోనా కళాశాలలో చేరెను. ఒకనాడు గ్రంథాలయమునకు పోయి చూడగా, తన తరగతివారు నూరుమంది ఒకే పుస్తకము ప్రతులను ముందు పెట్టుకొని చదువుచుండిరి. అది అతనికి మిక్కిలి వింతగా తోచెను. అతడు వారితో గూర్చుండక, అరలలోనికి పోయి, ఆంగ్ల వర్ణమాలలోని చివరి యక్షరముతో పేరు ప్రారంభమగు గ్రంథకర్త పుస్తకము నొకదానిని తీసి చదివెను. పరీక్షలో అతనికే తరగతిలో అత్యుత్తమ స్థానము వచ్చెను. ఇట్లు జరుగుటచే కళాశాల సరిగా నడచుటలేదని నిశ్చయించుకొని, 1930లో చదువు మానివేసెను. ఉపాధ్యాయుడ నగుటచే ఈ కథను ఇక్కడ వ్రాయుటకు కొంచెము జంకుచున్నాను. మన విద్యార్థులు మొదటి భాగమును మాత్రమే జ్ఞాపకముంచుకొని పరీక్షకు పోరని నమ్మెదను.

ఐరోపాలో ఏడాదికి పైగా తిరిగి అతడు మరలి వచ్చునప్పటికి దేశము ఆర్థికముగా క్షీణించి యుండెను. శాంటా మోనికా అను పట్టణమున ఇంటింటికి పోయి, గృహిణులకు నవీన సంగీతమును, చిత్రలేఖనమును గూర్చి పది యుపన్యాసములు ఇచ్చెదనని చెప్పి, పదింటికి రెండున్నర డాలర్ల చొప్పున చీట్లు అమ్మెను. ఆ విషయములు తనకును బాగుగా తెలియవనియు, ప్రతివారము నేర్చుకొని వచ్చి చెప్పుదుననియు ముందుగానే వారితో ఒప్పుకొనెను. బోధించుటవలన నేర్చుకొనుట మన వృత్తిలోనివారికి క్రొత్త గాదు గదా.

ఆ కాలమున ఆర్నల్డ్ షోయెన్‌బర్గ్ అను జగద్విఖ్యాత సంగీతాచార్యుడు హిట్లరు పాలనవలన జర్మనీ విడిచి లాస్ ఏంజెలిస్‌లో నివసించుచుండెను. కేజ్ ఆయనను ఆశ్రయించెను. జీతమిచ్చుటకు సొమ్ములేదని చెప్పగా, జీవితమంతయు సంగీతమునకే యర్పించెదవా యని ఆచార్యు డడిగెను. కేజ్ అట్లేయని మాట యిచ్చెను. ఆచార్యుడు జీతము తీసికొనక పాఠము చెప్పెను. అయితే రెండేండ్లలో ఒక చిక్కు బయటపడెను. పాశ్చాత్య సంగీతమునకు పునాది హార్మొనీ, అనగా పెక్కు స్వరములను ఒక్కసారి పలికించి వానిని పొందుపరచు విద్య. ఆ విద్య కేజ్ చెవికి పట్టలేదు. అది లేనివానికి ముందొక గోడ అడ్డముగా నుండుననియు, దానిని దాటజాలడనియు ఆచార్యుడు నిర్మొగమాటముగా చెప్పెను. అట్లైన ఆ గోడకే నా తలను కొట్టుకొనుచు జీవితము గడపెదనని శిష్యుడు బదులు చెప్పెను. నీకు ఈ విద్య రాదని గురువు చెప్పిన పిమ్మట విద్యార్థికి మిగులు దారులు రెండే: విద్యను మానుట, లేక విద్యయొక్క హద్దులనే మార్చుట. కేజ్ రెండవదానిని పట్టెను. గురువు నెన్నడును నిందింపలేదు, తన లోపమును దాచుకొననులేదు.

ఆ హద్దులను మార్చుట యెట్లు? ధ్వనికి గల గుణములను అతడు విచారించెను. స్థాయి, బలము, నాదభేదము, కాలము అని ధ్వనికి నాలుగు గుణములు గలవు. నిశ్శబ్దమునకు మొదటి మూడును లేవు, కాలము మాత్రమే కలదు. ధ్వనికిని నిశ్శబ్దమునకును సమానమైనది కాలమే గనుక, సంగీతమును హార్మొనీపై గాక కాలపరిమాణముపై కట్టవచ్చునని అతడు నిశ్చయించెను. తాళము నెరిగిన మన దేశమువారికి ఇది యంత వింత గాదు. కాని దీని ఫలితము పెద్దది. కాలమే పునాది యైనచో ఆ కాలములో మ్రోగునది వీణయే కానక్కరలేదు. పళ్లెము మ్రోగవచ్చును, బల్ల మ్రోగవచ్చును, ఆటవస్తువు మ్రోగవచ్చును.

ఇంతలో ఆస్కార్ ఫిషింగర్ అను చలనచిత్రకారుడు మరియొక మాట చెప్పెను. ప్రతి వస్తువునందును ఒక ఆత్మ గలదనియు, ఆ వస్తువును మ్రోగించినప్పుడే అది బయలు వెడలుననియు ఆయన విశ్వాసము. ఆ దినమునుండి కేజ్ కనబడిన వస్తువునెల్ల తట్టి వినుచు తిరుగ నారంభించెను. 1935లో అతడు అలాస్కాకు చెందిన రష్యా సంఘపు పురోహితుని కుమార్తె యగు జీనియా కాషెవరాఫ్‌ను వివాహమాడెను. దంపతులు పుస్తకములు కుట్టు పని నేర్చుకొనుచు, సాయంకాలములందు తోడి పనివారితో గూడి వంటపాత్రలను, దొరికిన సామానులను వాయించుచుండిరి.

1938లో అతడు సియాటిల్ నగరమునందలి కార్నిష్ పాఠశాలలో నాట్యమునకు పియానో వాయించు నుద్యోగమున చేరి, అక్కడ తాడనవాద్య బృందము నొకదానిని సమకూర్చెను. పాత మోటారుబండ్ల సామాను అమ్ము చోట్ల వెదకి చక్రముల బ్రేకు డ్రమ్ములను తెచ్చిరి. పశువుల మెడగంటలు, దాగలులు, ఇనుపరేకులు చేరెను. 1939లో కూర్చిన ‘మొదటి నిర్మాణము’ అను కృతిలో పదునారు మాత్రాభాగముల ఖండములు పదునారు గలవు. ఒక్కొక్క ఖండములోపల 4, 3, 2, 3, 4 అను విభజన కలదు. మొత్తము కృతియు ఆ లెక్కనే విభజింపబడినది. తగరపు మ్రోతయని నవ్వువారు ఈ లెక్కను వేసి చూడవలెను. 1940లో కూర్చిన ‘కూర్చుండు గది సంగీతము’ అను కృతికి వాద్యములే లేవు. నలుగురు మనుష్యులు గదిలోని పత్రికలు, బల్ల, పుస్తకములు, నేల మొదలగువానిపై వాయించిన చాలును.

ఆ యేడే సివిల్లా ఫోర్ట్ అను నాట్యకత్తె తన నృత్యమునకు సంగీతము కావలెనని కోరెను. ఆమెకు తాడనవాద్యములే తగియుండెను గాని నాట్యశాలలో వానిని పెట్టుటకు చోటు లేదు. ఒక ప్రక్కన పియానో మాత్ర ముండెను. కేజ్ వంటింటినుండి రేకు పళ్లెమును తెచ్చి పియానో తీగలపై నుంచెను. ధ్వని మారెను గాని పళ్లెము ఎగిరిపడుచుండెను. మేకులను పెట్టెను, అవి జారి క్రింద పడెను. తుదకు మరమేకును రెండు తీగల నడుమ దూర్చగా, దాని మరలు తీగలను పట్టుకొని కదలకుండెను. ధ్వనియు పియానో ధ్వని గాక చిన్న డప్పులు, గంటలు, కొయ్యముక్కలు కలిసి పలికినట్లుండెను. చోటు చాలమివలన ఒక మనుష్యుని చేతిక్రింద ఒక బృందమంతయు వచ్చెను. దీనికే సిద్ధపరచిన పియానో యని పేరు.

1942లో అతడు న్యూయార్కు చేరెను. 1943 ఫిబ్రవరిలో అక్కడి నవీన కళాప్రదర్శనశాలలో జరిగిన కచేరీ అతని పేరును దేశమునకు తెలిపెను, జేబు మాత్రము నిండలేదు. 1945లో దంపతులు వేరుపడిరి. మెర్స్ కన్నింగ్‌హామ్ అను నాట్యకారునితో అతడు అప్పటినుండి తుదివరకు కలిసి జీవించి, కలిసి పనిచేసెను. ఆ సంవత్సరములలో అతని మనస్సు మిక్కిలి కలతపడెను. తాను శోకముతో కూర్చినదానిని విని జనులు నవ్వుచుండగా, సంగీతము భావములను ఒకరినుండి మరియొకరికి చేర్చునను మాటయం దతనికి నమ్మకము తొలగెను. ఇక సంగీతమెందులకు?

దీనికి జవాబు మన దేశమునుండి పోయెను. 1946లో అహమ్మదాబాదునుండి గీతా సారాభాయి యను యువతి పాశ్చాత్య సంగీతమును తెలిసికొనుటకు న్యూయార్కు వచ్చెను. కేజ్ జీతము కోరక నేర్పెను, ప్రతిగా ఆమె అతనికి భారతీయ సంగీతమును గూర్చి చెప్పెను. మీ గురువు సంగీతమునకు ప్రయోజన మేమని చెప్పెనని అతడు ప్రశ్నించగా, మనస్సును శాంతపరచి నిశ్చలముగావించి దైవప్రభావమునకు పాత్రమగునట్లు చేయుటయే ప్రయోజనమని ఆమె తన గురువు మాటను తెలిపెను. తిరిగి వచ్చునప్పుడు రామకృష్ణ పరమహంస బోధల గ్రంథమును అతనికి కానుక యిచ్చెను. కేజ్ మనశ్శాంతిని ఆ గ్రంథములో వెదకికొనెను. 1946 మొదలు 1948 వరకు సిద్ధపరచిన పియానోకై అతడు కూర్చిన పదునారు సొనాటాలు, నాలుగు ఇంటర్‌లూడులు మన యలంకారశాస్త్రములోని నవరసములను ఉద్దేశించినవి. దానికొరకు నలుబదియైదు స్వరముల తీగలలో మరమేకులు, బోల్టులు, రబ్బరు ముక్కలు మొదలగునవి కొలతప్రకారము పెట్టవలెను.

ఇక ఆటపియానో సంగతి. పెద్ద పియానోలో మీటను నొక్కగా మెత్తని ఉన్ని చుట్టిన సుత్తి బిగించిన ఉక్కుతీగను కొట్టును. ఆటపియానోలో తీగలుండవు. ఒక కొనను ఇనుపకమ్మిలో బిగించిన సన్నని లోహపు కడ్డీలుండును. చిన్న సుత్తి తగులగానే కడ్డీ గంటవలె పలుకును. కడ్డీ యెంత పొట్టిదైన స్వర మంత హెచ్చు. చాలవానిలో నల్లమీటలు వట్టి రంగుపూతయే. జర్మనీనుండి వలసవచ్చిన ఆల్బర్ట్ షూన్‌హట్ అను నతడు 1872లో ఫిలడెల్ఫియా నగరమున వీనిని చేయు కార్ఖానాను పెట్టెను. నాటినుండి అవి పిల్లల గదులలోనే యుండెను.

1948 వేసవిలో కేజ్ ఉత్తర కెరొలైనాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలో బోధించుచుండెను. అది 1957లో మూతపడిన చిన్న విద్యాలయము. అక్కడ కన్నింగ్‌హామ్ నృత్యమునకై అతడు ‘ఆటపియానో సూట్’ అను కృతిని కూర్చెను. అయిదు భాగములు. వాడిన మీటలు తొమ్మిది తెల్లమీటలు మాత్రమే. అంతటి చిన్న పరిధిలోనే అతడు మిక్కిలి మెల్లగా ననియు, మిక్కిలి గట్టిగా ననియు, పెద్ద పియానోకు వ్రాయు గుర్తులనే వ్రాసెను. పెట్టెవంటి ఆ చిన్న వాద్యము ఆ తేడాలను సరిగా పలుకజాలదు. అయినను వాయించువాడు ఆ గుర్తులను చూచి, పసివాని మాటను పెద్దమనుష్యుని మాటవలె శ్రద్ధతో వినవలసినవాడగును. నా మట్టుకు ఈ కృతియే అతని కృతులలో మిక్కిలి ముద్దైనది. 1963లో అతని స్నేహితుడగు లూ హారిసన్ దీనిని పెద్ద వాద్యబృందమునకు మార్చి వ్రాసెను గాని, ఆటపియానోలో వినుటలో గల వినయము అందు రాదు.

అటుపిమ్మట కేజ్ నడచిన దారిని నేను పూర్తిగా మెచ్చుకొనలేను. 1951నుండి అతడు చీనాదేశపు ప్రశ్నగ్రంథమును పట్టుకొని, నాణెములు ఎగురవేసి స్వరములను నిర్ణయింప నారంభించెను. తన యిష్టానిష్టములు సంగీతమున జొరబడకుండుటకే యని అతడు చెప్పెను. కర్త తన బాధ్యతను నాణెముల కప్పగించుట నాకు రుచింపదు. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ అను విద్వాంసుడు పియానో ముందు కూర్చుండి నాలుగు నిమిషముల ముప్పదిమూడు సెకండ్లు ఒక్క స్వరమైనను వాయింపకుండెను. అదియు కేజ్ కృతియే. గాలి, వాన, జనుల గుసగుసలు వినుటయే సంగీతమని అతని భావము. మొదట దీనిని నేను ఎగతాళిగానే తలంచితిని. ఒకనాడు తరగతిలో బాలుడొకడు జామెట్రీ పెట్టెపై వ్రేళ్లతో తాళము వేయుచుండగా మందలించి పెట్టెను లాగుకొంటిని. పిదప నిశ్శబ్దములో కిటికీ రెక్క కొట్టుకొనుట, సుద్దముక్క గీరుట విని, వాడు దేనితో కలిపి తాళము వేయుచుండెనో గ్రహించితిని. పెట్టెను తిరిగి యిచ్చితిని గాని తాళమును అనుమతింపలేదు.

కేజ్ 1954లో స్టోనీ పాయింట్ అను పల్లెకు నివాసము మార్చి, అడవులలో పుట్టగొడుగులు ఏరుచు ఆ విద్యలో ప్రవీణు డాయెను. ఇది అతనికి సంగీతముకంటె ముందుగా ధనము తెచ్చెను. 1959లో ఇటలీలోని మిలాను నగరమున టెలివిజను ప్రశ్నోత్తరముల పోటీలో పుట్టగొడుగుల విషయమున వారము వెంట వారము జవాబులు చెప్పి, యేబది లక్షల లీరాలు గెలిచెను. ఆ కార్యక్రమముననే ‘నీటి నడక’ అను తన క్రొత్త కృతిని ప్రదర్శించెను. మూడు నిమిషముల కృతి. స్నానపు తొట్టి, నీళ్లుపోయు క్యాను, ఆవిరి విడుచు కుక్కరు, మంచుముక్కలు, రబ్బరు బాతు, పియానో తీగలపై కదలు ఆటచేప, గులాబీల పాత్ర, అయిదు రేడియోలు అందులోని వాద్యములు. ప్రతిపనికి సెకండు లెక్క గలదు. అతడు చేత గడియారము పట్టుకొని ఒక వస్తువునుండి మరియొకదానికి నడచుచు వాయించెను.

మరుసటి యేడు అమెరికాలో ఒక వినోద కార్యక్రమమున దీనినే చేయవలసి వచ్చెను. రేడియోల తీగను గోడలోని ప్లగ్గుకు తగిలించు పని తమదనగా తమదని రెండు పనివారి సంఘములు తగవులాడుటచే రేడియోలు మ్రోగు వీలు లేకపోయెను. కేజ్ కోపగించుకొనలేదు. రేడియోను మ్రోయింపవలసిన చోట దానిపై అరచేత కొట్టెను, ఆపవలసిన చోట బల్లమీదనుండి క్రిందికి త్రోసెను. చూపరులు పగలబడి నవ్విరి. వారు నవ్వుదురని కార్యక్రమము నడుపువాడు ముందే హెచ్చరింపగా, ఏడ్పుకంటె నవ్వు మేలని అతడు నెమ్మదిగా చెప్పియుండెను. నవ్వు నెదుర్కొనుటయందు అతనికి సమానుడు లేడు. 1964లో న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ బృందమువారు అతని కృతిని వాయించుచు, తమ వాద్యములకు తగిలించిన మైక్రోఫోనులను పాడుచేసి, వేదికపైనే అతనిని హేళన చేసిరి. అది మాత్రము అతనిని నొప్పించెను.

న్యూయార్కులోని న్యూ స్కూలులో 1956 మొదలు 1960 వరకు అతడు కూర్పు నేర్పెను. సంగీతము ముందుగా తెలియని చిత్రకారులును, కవులును ఆ తరగతిలో చేరిరి. ఆటవస్తువులు, చిల్లర సామానులు అక్కడ వాద్యములాయెను. జార్జ్ బ్రెక్ట్, అలన్ కాప్రో మొదలగువారు ఆ శిష్యులే. నీకు చెవిలేదని అతడు ఎవరిని వెళ్లగొట్టలేదు. 1960లో ధ్వనివర్ధకములు తగిలించిన ఆటపియానోలకై మరియొక కృతిని వ్రాసెను. వయస్సు మీరిన కొలదియు వాద్యములు ఇంకను చిన్నవాయెను. 1975లో బ్రహ్మజెముడు జాతి మొక్క ముండ్లను మీటి, ఆ సన్నని ధ్వనిని యంత్రముతో పెద్దదిచేసి వినిపించు కృతి కూర్చెను. 1977లో నీరు పోసిన శంఖములను మెల్లగా వంచుచు లోపలి గుడగుడ ధ్వనిని వినిపించు కృతిని కూర్చెను. నీరు ఎప్పుడు పలుకునో శంఖము పట్టినవానికే తెలియదు. మన జలతరంగమునందు నీటి కొలతయే స్వరమును ఏలును. ఇక్కడ నీరే యజమాని.

జాన్ కేజ్ 1992వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన పక్షవాతముచే న్యూయార్కులో మరణించెను. ఎనుబదియవ జన్మదినమునకు ఇంక మూడు వారములు కొదువ. అతని చితాభస్మమును స్టోనీ పాయింటు చెంతనున్న కొండలలో చల్లిరి. మరుసటి యేడు న్యూయార్కులోని లింకన్ సెంటరున అతని స్మారకముగా కచేరీ జరిగెను. అతనితో పదేండ్లకు పైగా కలిసి పనిచేసిన సింగపూరు విద్వాంసురాలు మార్గరెట్ లెంగ్ టాన్ అక్కడ ‘ఆటపియానో సూట్’ను వాయించుటకై ఆ చిన్న వాద్యమును మొదటిసారి చేపట్టెను. పిమ్మట ఆమె దానిని విడువలేదు. 1997లో ఆటపియానో సంగీతముతోనే ఒక ధ్వనిముద్రణను వెలువరించెను. ఇతర స్వరకర్తలును ఆమెకొరకై ఆ తొమ్మిది మీటల హద్దును దాటి, ఆటపియానోకు క్రొత్త కృతులు వ్రాయసాగిరి.